బిళ్ళ వేసుకుంటున్నావా?

ఫిబ్రవరి 6

ఒరేయ్ చంటీ,

ఉత్తరం అందింది. నీకు నలభై ఏడేళ్ళొచ్చినా నాకు చంటిగాడివే కాబట్టి అలాగే పిలుస్తాను. మీ ఆవిడ నవ్వితే నవ్వనీ.

తోటపని నుంచి తీసి నిన్ను కేంద్రం లోపల ఉతుకు గదిలో వేశారని చదవగానే నవ్వొచ్చింది. ఇంట్లో ఒక్క రుమాలు ఉతికి ఎరగవు. అలాంటివాడి చేతికి అంతమంది పనివాళ్ళ బట్టలూ అప్పజెప్పారంటే ఆ పెట్టినవాడి ధైర్యానికి మెచ్చుకోవాలి. కాసేపటికి నవ్వు పోయి బెంగ పట్టుకుంది. నువ్వు గేటు బయట మొక్కలకి నీళ్ళు పోసుకుంటున్నంత కాలం ఆ అణు కేంద్రం నాకు కరెంటు తయారుచేసే చోటే. ఇప్పుడు నువ్వు లోపలికెళ్ళావు కాబట్టి అది వేరే ఏదో అయిపోయింది.

లోపలికి పంపేముందు పరీక్ష చేశారనీ, బీపీ ఎక్కువుందన్నారనీ, మందు రాసిచ్చారనీ ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఒక్క ముక్కతో పోయే సంగతా అది? నాన్నని మరిచిపోయావా? బస్సులో టిక్కెట్లు కొడుతూ కొడుతూ, "చిల్లర ఉంటే ఇవ్వమ్మా" అని చెయ్యి చాపి ముందుకి ఒరిగిపోయాడు. కింద పడ్డ చిల్లర కోసం వంగాడనుకుని, రెండు స్టాపులదాకా ఎవరూ పట్టించుకోలేదట. యాభై కూడా నిండలేదు.

అందుకని చెప్పేది శ్రద్ధగా విను. బిళ్ళ రోజూ వేసుకో. పైకి ఏమీ తెలియడం లేదు కదా అని మానెయ్యకు. అది లోలోపలే తన పని తను చేసుకుపోతుంది. అదే దాని మాయ.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీ బావ పోయాక ఈ మందుల కొట్టే నాకు మొగుడూ పిల్లలూ. కింద కొట్టు, పైన గది. మెట్లెక్కేసరికి ఆయాసమొస్తోంది, కాస్త ఒళ్ళు చేశానులే. నీ ఉత్తరాలన్నీ కట్టగట్టి దిండు కింద పెట్టుకుంటాను. నిద్ర పట్టకపోతే ఒకటి లాగి చదువుతాను. నీ చేతిరాతకి ఎవరికైనా నిద్ర రావలసిందే.

చిన్నదానికి అత్త ముద్దులు.

మీ అక్క


ఫిబ్రవరి 20

అక్కకి,

నువ్వు రాసింది అక్షరాలా నిజం. పైకి ఏమీ తెలియదు. రంగు లేదు, వాసన లేదు, తగిలితే చురుక్కుమనదు. అందుకే బిళ్ళ విషయంలో నువ్వేం బెంగ పెట్టుకోకు. బిళ్ళ వేసుకోకపోతే ఇక్కడ గేటు దాటనివ్వరు. పొద్దున్నే వరసలో నిలబడి వేసుకుంటాం, గార్డు చూస్తాడు, అప్పుడే లోపలికి. ఒక్కరోజు మానలేదు.

ఉతుకు గది నువ్వనుకునేలాంటిది కాదు. సబ్బు నురగా, బండా ఏమీ ఉండవు. తెల్లటి గోడలు, పెద్ద పెద్ద యంత్రాలు, మధ్యలో నేను. లోపల పనిచేసేవాళ్ళు వేసుకునే పసుపు తొడుగులు సంచుల్లో వస్తాయి. మెడ నుంచి మడమల దాకా ఒకటే బట్ట. వీపు మీద ఎవరి నంబరు వాళ్ళది. గుమ్మం పక్కన గోడకి ఒక మీటరు ఉంది. కిరణాలు అంటిన బట్ట దగ్గరికి తెస్తే టిక్కు టిక్కుమంటుంది, బాగా అంటితే గోల పెట్టేస్తుంది. దాన్ని అందరూ పిట్ట అంటారు. ప్రతి తొడుగునీ ఉతక్కముందు ఒకసారి, ఉతికాక ఒకసారి పిట్టకి చూపించాలి. ఎదురుగా ఏమీ లేకపోయినా అది ఉండి ఉండి ఒక టిక్కు వేస్తుంది. గాలిలో ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుందట, అది మామూలేనట. మొదటివారం ఆ ఉత్త టిక్కులకే ఉలిక్కిపడేవాణ్ణి.

ఒక సంగతి రాయాలి. పోయినవారం మా వెల్డరు పోయాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, గట్టి మనిషి. పని అయ్యాక తొడుగు విప్పి సంచిలో వేశాడు. బల్ల మీద కూర్చుని ఒక బూటు విప్పాడు. రెండోది విప్పుతూ అలాగే వంగి ఉండిపోయాడు. లేసు ముడిపడిందేమోననుకుని పక్కవాడు, "కత్తెర ఇవ్వనా అన్నా?" అని అడిగాడట. గుండె ఆగిపోయింది.

ఆ సంచి నా దగ్గరికొచ్చింది. తొడుగు తీస్తే ఇంకా వెచ్చగా ఉంది అక్కా. పిట్ట ముందు పెట్టాను. పలకలేదు. ఛాతీ దగ్గర పెట్టి చూశాను, లోపలివైపు తిప్పి చూశాను. ఒక్క టిక్కు లేదు, ఆ మామూలు టిక్కు కూడా చాలాసేపటిదాకా రాలేదు. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు కదా, ఆ కూసే పిట్ట మనిషి పోయినప్పుడు నోరు మూసుకుంది. "పిట్టకి కూడా కనబడనిదేదో ఉందిరా ఇక్కడ" అని మా మేస్త్రీ గుసగుసగా అన్నాడు. అప్పటినుంచి ఎవరూ ఆ బల్ల మీద కూర్చోవడం లేదు.

మీ మరదలు నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ తమ్ముడు


మార్చి 2

ఒరేయ్ చంటీ,

వెల్డరు సంగతి చదివి కాసేపు కొట్టు షట్టరు సగం దించి కూర్చున్నాను. ముక్కూమొహం ఎరగని మనిషి కోసం కళ్ళు తడిశాయి. ఆ ఒక్క బూటే కళ్ళ ముందు ఆడుతోంది.

కానీ మీ కంపెనీవాళ్ళకి మాత్రం చేతులెత్తి మొక్కాలి! గేటు దగ్గరే నిలబెట్టి బిళ్ళ వేయించి మరీ లోపలికి పంపుతారా! ఇక్కడ నా దగ్గర బీపీ బిళ్ళలు కొనేవాళ్ళలో సగంమంది వాటిని అల్మారాలో పెట్టి, తలుపు వేసి, జబ్బు నయమైందనుకునేవాళ్ళే. పక్క కొట్టు దర్జీ అయితే తలనొప్పి వచ్చినప్పుడు ఒకటి, అల్లుడు వచ్చినప్పుడు ఒకటి వేసుకుంటాడు. మీ గార్డుని నాలుగు రోజులు ఇటు పంపమని చెప్పు. ఇంతకీ నీకు ఇచ్చే బిళ్ళ ఏ రంగుది? రాయి. కంపెనీ మందు కదా, మంచిదో చవకదో చూసి చెబుతాను.

వెల్డరు సిగరెట్లు కాల్చేవాడా? షుగరుందా? వాళ్ళ ఇంట్లో ఎవరైనా ఇలాగే పోయారా? మీ పిట్టకి కనబడనిదేదో ఉందన్నాడు మీ మేస్త్రీ. అలాంటివి చాలా ఉన్నాయి, నా బల్ల మీద అన్నిటికీ మందులున్నాయి. నువ్వు సిగరెట్టు మానేశావా, లేక మానేశానని మీ ఆవిడతో మాత్రం చెప్పావా?

నాకు ఎడమవైపు కింది పన్ను సలుపుతోంది. చిత్రమేమిటంటే మెట్లెక్కితే సలుపుతుంది, పైకెళ్ళి కూర్చుంటే తగ్గుతుంది. నా పళ్ళు కూడా నాలాగే సోమరివైపోయాయి.

జాగ్రత్త.

అక్క


మార్చి 15

అక్కకి,

బిళ్ళ రంగు అడిగావు. ఈ నెల నా బిళ్ళ తెల్లగా ఉందని చెప్పారు. తెల్లగా ఉంటే మంచిది, నల్లబడితేనే భయం. సాయంత్రం గేటు దగ్గర అప్పజెప్పేటప్పుడు రోజూ ఒకసారి దాన్ని కళ్ళకద్దుకుంటాను. నవ్వకు. ఇక్కడ నమ్ముకోవడానికి అదొక్కటే ఉంది.

పోయినవారం బయటి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. మాలాంటి చోట్ల ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళలో గుండెపోట్లు ఎవరికి వస్తున్నాయి, ఎందుకు వస్తున్నాయి అని చూస్తుందట. ఒక్కొక్కణ్ణీ పిలిచి కూర్చోబెట్టింది. ఏమడిగిందో తెలుసా? సిగరెట్లెన్ని, నిద్ర ఎంత, ఉప్పు ఎక్కువ తింటారా, ఊరికే కోపమొస్తుందా, తల్లిదండ్రుల్లో ఎవరైనా గుండె జబ్బుతో పోయారా! మేస్త్రీ అందరినీ లాకర్ల గదిలోకి పిలిచాడు. "చూశారా, కిరణాల ఊసే లేదు. రేపు మనం పోతే నీ సిగరెట్టు చంపింది, నీ బాబు చంపాడు అని రాసేసి చేతులు దులుపుకుంటారు. ఎవడూ నోరు జారకండి" అన్నాడు. అందరం తలూపాం. ఆ పూట మా కేంద్రంలో సిగరెట్టు తాగేవాడు ఒక్కడూ లేడు, అందరి తండ్రులూ తొంభై ఏళ్ళు బతికారు.

నా వంతు వచ్చినప్పుడు నాన్న ముసలితనంతో పోయాడని చెప్పాను.

వెల్డరు తొడుగు ఇంకా నా దగ్గరే ఉంది. ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేదాకా కొక్కేనికి వేలాడుతూ ఉండాలట. ఆరబెట్టే యంత్రం గాలి కొట్టినప్పుడల్లా దాని ఛాతీ ఉబ్బుతుంది, గాలి ఆగితే మెల్లిగా దిగుతుంది. మిగతావి కూడా ఉబ్బుతాయి కానీ నా కళ్ళు దాని మీదికే పోతున్నాయి. నిన్న యంత్రం ఆపాక కూడా ఒక్కసారి ఉబ్బినట్టనిపించింది. నా భ్రమేలే.

బీపీతో వచ్చే తలనొప్పులు తగ్గాయి. పన్ను చూపించుకో.

తమ్ముడు


మార్చి 28

ఒరేయ్,

నాన్న ముసలితనంతో పోయాడా? తల నెరవకముందే పోయిన మనిషిని పట్టుకుని! ఆయన చావుని కూడా నువ్వు దాచుకున్నావంటే నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. బుర్ర ఉందా నీకు?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ వరస. ఆవిడ మిమ్మల్ని తప్పు పట్టడానికి వచ్చిందని ఎవడు చెప్పాడు? నువ్వు సిగరెట్టు దాచి, నాన్నని దాచి, బీపీని దాచితే, రేపు మీలో పదిమంది పడిపోయారనుకో, అది కిరణాల పనో, పొగ పనో, పుట్టుకతో వచ్చిందో ఆవిడ ఎలా విడదీస్తుంది? ఎవరి పాపం వాళ్ళకి అంటాలన్నా ముందు నిజం చెప్పాలి కదరా. మీ మేస్త్రీ కిరణాలని పట్టిద్దామనుకుని వాటికే గొడుగు పట్టాడు. వెళ్ళి ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పు. నాన్న పేరు చెప్పి మరీ చెప్పు.

బిళ్ళ తెల్లదే అయితే మంచి కంపెనీదే, నా దగ్గరున్నదీ అదే. నల్లబడింది మాత్రం వేసుకోకు. తేమ తగిలి పాడైనదై ఉంటుంది. కళ్ళకద్దుకుంటావని చదివి ముచ్చటేసింది, మందుకి ఆ మాత్రం గౌరవం ఉండాలి.

ఆ తొడుగు వంక చూడటం మానెయ్. నీకు చిన్నప్పటి నుంచీ తలుపు వెనక చొక్కా తగిలిస్తే దెయ్యమని ఏడ్చే అలవాటు.

పళ్ళ డాక్టరు నా పన్ను భేషుగ్గా ఉందంటాడు. నా నోట్లో పన్ను సంగతి నాకు తెలియదా? వచ్చేవారం పీకించి పారేస్తాను.

అక్క


ఏప్రిల్ 10

అక్కా,

ఇది ఎవరికీ చెప్పలేదు. మీ మరదలికి కూడా పూర్తిగా చెప్పలేదు.

పిట్ట మా ఇంటికొచ్చింది.

ఇంట్లో మీటరు లేదు. అయినా పక్క మీద తల పెడితే వినబడుతోంది. టిక్కు, టిక్కు, టిక్కు. కాసేపు ఆగుతుంది. ఆగినప్పుడు ఇంకా భయం. మళ్ళీ రెండు ఒకేసారి. ఉతుకు గదిలో కూడా అది ఇలాగే తాళం లేకుండా పలుకుతుంది. లేచి కూర్చుంటే ఆగిపోతుంది. పడుకుంటే మళ్ళీ మొదలు. అంటే పరుపులో ఉంది. నా ఒంటితో తెచ్చి పరుపుకి అంటించాను.

పరుపు ఎండలో వేశాను, తర్వాత తీసుకెళ్ళి కాల్చేశాను. నా చొక్కాలు కూడా కాల్చేశాను. ఇల్లంతా కడిగాను. తల్లీ కూతుళ్ళని ముందు గదిలో పడుకోమన్నాను. చిన్నది ఎత్తుకోమని వస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "నాన్నకి నామీద కోపమా?" అని వాళ్ళమ్మని అడిగిందట. నేల మీద చాప వేసుకుని పడుకుంటే చాపలోంచి కూడా పలికింది.

బిళ్ళ మాత్రం ఈ నెల కూడా తెల్లగానే ఉందన్నారు. రోజూ వేసుకుంటున్నాను, నీ మీద ఒట్టు. మరి ఇదెక్కడి నుంచి వస్తోంది? మేస్త్రీ అన్నమాటే నిజం. బిళ్ళకి, పిట్టకి అందనిదేదో వెల్డరుని పట్టింది. వాడి తొడుగు ముట్టుకున్నది నేనొక్కణ్ణే. ఎడమ చెయ్యి బరువుగా ఉంటోంది. ముట్టుకున్నది ఆ చేత్తోనే.

అక్కా, నా ఉత్తరాలు దిండు కింద పెట్టుకోకు. బయట ఎక్కడైనా పెట్టు. ఇది చదివాక చేతులు కడుక్కో.

తమ్ముడు


ఏప్రిల్ 17

చంటీ,

మంచీ చెడ్డా అడగడానికి టైము లేదు. ఈ ఉత్తరం చదివి ఇంట్లో కూర్చోకు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళు.

అది పిట్ట కాదురా. పరుపులోనూ లేదు, చాపలోనూ లేదు. చెవి కిందికి ఆనించి పడుకుంటే మన నెత్తురు చప్పుడు మనకే వినబడుతుంది. నువ్వు వింటున్నది నీ గుండెని. అది తాళం తప్పుతోంది. ఎడమ చెయ్యి బరువుగా ఉందన్నావు చూడు, ఆ ముక్క ముందు రాయాలి, పరుపు సంగతి తర్వాత.

ఇంకొకటి. బిళ్ళ రోజూ వేసుకుంటే ఇలా ఎందుకవుతుందని నీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. "సాయంత్రం గేటు దగ్గర అప్పజెప్పేటప్పుడు" అని రాశావు. పొద్దున మింగిన బిళ్ళని సాయంత్రం ఎలా అప్పజెబుతావురా? నువ్వు ఏ బిళ్ళ గురించి చెబుతున్నావు? నువ్వు మింగేది మింగుతున్నావా లేదా?

వెళ్ళు. ముందు వెళ్ళు.

అక్క


మే 4

అక్కకి,

ఆసుపత్రి మంచం మీంచి రాస్తున్నాను. భయపడకు, కూర్చునే రాస్తున్నాను.

నీ ఉత్తరం చేతిలో పట్టుకునే వెళ్ళాను. గుండెకి వెళ్ళే ఒక నాళం బాగా పూడిపోయిందట. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే బూటు విప్పుతూ ఉండిపోయేవాణ్ణి.

నువ్వు బిళ్ళ అంటే మాత్ర. మేం ఇక్కడ బిళ్ళ అంటే చొక్కాకి తగిలించుకునేది, బంట్రోతు బిళ్ళలాగా. అందులో చిన్న ఫిల్ము ముక్క ఉంటుంది, కిరణాలు తగిలితే నల్లబడుతుంది. నెలకోసారి తీసి చూస్తారు. నువ్వు వేసుకో వేసుకో అంటుంటే నేను పొద్దున్నే గుండె మీద తగిలించుకుంటున్నాను, మా అక్కకి నామీద ఎంత శ్రద్ధ అని మురిసిపోతూ! బీపీ మాత్రలు మొదటి వారం మింగాను. తలనొప్పి తగ్గింది, ఆపేశాను. బిళ్ళ తెల్లగా ఉంటే చాలు, లోపలంతా తెల్లగా ఉన్నట్టేననుకున్నాను. మీ మరదలు ఈ కథ విని పక్కమంచం వాళ్ళు లేచేటంతగా నవ్వి, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇప్పుడు రోజూ, "మింగేది మింగారా? తగిలించేది తగిలించడానికి ఇంకా టైముందిలెండి" అంటోంది.

డాక్టరమ్మ చూడటానికి వచ్చింది. నిజం చెప్పేశాను, సిగరెట్టూ, నాన్నా, అన్నీ. తిట్టలేదు. "మరి కిరణాల సంగతేంటండీ?" అని అడిగాను. "కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి తగిలితే గుండెకి కొంత చేటు ఉండొచ్చని అనుమానం. ఎంతో తేల్చడానికే తిరుగుతున్నాను. మీ బీపీ, మీ పొగ, మీ నాన్నగారు మాత్రం ఎప్పుడో తేలిపోయారు" అంది. మేస్త్రీ కూడా వెళ్ళి నిజం చెప్పి వచ్చాడట.

పిట్ట ఇంకా వినబడుతోంది కానీ ఇప్పుడు తాళంగా ఉంది. నిన్న చిన్నది నా ఛాతీ మీద చెవి పెట్టి, "నాన్నా, లోపల ఎవరో తలుపు కొడుతున్నారు" అంది. ఈసారి చేతులు వెనక్కి పెట్టుకోలేదు.

డాక్టరమ్మ, "మీకు తోబుట్టువులున్నారా?" అని అడిగింది. ఒక అక్క ఉంది, ఇనుప గుండు అన్నాను. చూపించుకోమని రాయమంది. చూపించుకో.

తమ్ముడు


మే 13

నా చంటిగాడికి,

దర్జీ దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరికీ చెప్పేశాను. మా తమ్ముడు గుండె మీద బిళ్ళ పెట్టుకుంటే గుండె జబ్బు పోతుందనుకున్నాడని! దర్జీ కుట్టు ఆపి మరీ నవ్వాడు. నవ్వు అయ్యాక పైకెళ్ళి దణ్ణం పెట్టుకున్నాను. నువ్వు బతికావు, అది చాలు నాకు.

వచ్చే బుధవారం బండికి బయల్దేరుతున్నాను. పదిరోజులుంటాను. ఈ ఉత్తరం ఆలస్యమైనా, దర్జీ అల్లుడు మీ ఊరే వస్తున్నాడు, అతనితో కబురు పంపుతున్నాను. కొట్టు మూసేస్తానని అందరికీ చెప్పాను, "తమ్ముడి దగ్గరికి వెళ్ళిరా అక్కా, మేం చూసుకుంటాం" అన్నారు. స్టేషనుకి చిన్నదాన్ని తీసుకురా.

నన్ను చూపించుకోమన్నావు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నేను ఒక్కనాడు పొగ తాగలేదు, మీ కేంద్రం గేటు తొక్కలేదు. రోజంతా మందుల మధ్య కూర్చునేదానికి జబ్బెక్కడిది? పన్నే నన్ను చంపుతోంది. పీకించేశాను కదా, పీకిన చోటే ఇంకా సలుపుతోంది. పన్ను పోయింది, నొప్పి ఉండిపోయింది. ఎప్పుడైనా విన్నావా ఇలాంటిది? అట్టపెట్టెలు మోశానేమో, ఎడమ భుజం కూడా లాగుతోంది.

ఒకటి చెబుతాను, నవ్వకూడదు. నాలుగు రోజులుగా నీ ఉత్తరాల కట్ట పలుకుతోంది.

నిజంరా. దిండు మీద తల పెట్టగానే కిందనుంచి టిక్కు, టిక్కు. నీకు చెప్పిన మాటే నాకూ చెప్పుకున్నాను, నెత్తురు చప్పుడేనని. కానీ నా గుండె చప్పుడు నాకు తెలియదా, అరవై ఏళ్ళుగా ఒకే తాళం. ఇది అలా లేదు, నువ్వు రాసినట్టే ఆగి ఆగి రెండేసి పలుకుతోంది. కట్ట తీసి అల్మారాలో పెట్టాను. దిండులోనే వినబడింది. కట్ట తీసుకెళ్ళి కింద కొట్టులో పెట్టి తాళం వేసి, పైకొచ్చి ఆయాసం తీర్చుకుని పడుకున్నాను. ఎడమవైపు తిరిగితే ఇంకా గట్టిగా ఉంది. ఎప్పుడూ అటువైపే పెట్టేదాన్ని కదా, నీ ఉత్తరాల్లోంచి ఏమైనా రాలి అక్కడ ఉండిపోయిందేమోననిపించింది. నీ మాటలు తీసిపారేసినందుకు తమాషాగా బుద్ధి చెబుతున్నావా ఏం?

పెద్దదాన్నయ్యాను, ఇప్పుడు భయాలేమిటి నాకు! దిండు మార్చి చూస్తాను. బుధవారం కలుద్దాం.

మీ అక్క


మే 24, రైల్లో

అక్కా,

బండి ఊపుకి అక్షరాలు ఎలా పడుతున్నాయో చూడకు. నా చేతిరాత మీద నీ జోకులు నువ్వు ఎదురుగా కూర్చుని వెయ్యి.

దర్జీ అల్లుడు నీ కబురు చెబితే మొన్న చిన్నదాన్ని తీసుకుని స్టేషనుకి వెళ్ళాను. బండి మొదటి నుంచి చివరిదాకా పెట్టె పెట్టెకీ చూశాం. "అత్త నిద్రపోయి ముందుకెళ్ళిపోయిందేమో" అంది చిన్నది. బండి తప్పిందనుకున్నాను. మర్నాడు కూడా వెళ్ళాను. ఇంటికొచ్చేసరికి పదమూడో తారీఖు నీ ఉత్తరం వచ్చి ఉంది. నువ్వు రావలసింది పోయి, నీకంటే ఎప్పుడో ముందు బయల్దేరిన ఉత్తరం ఇప్పుడు వచ్చింది.

చదివాను. తర్వాత నీ ఉత్తరాలన్నీ వరసగా తీశాను. మెట్లెక్కితే ఆయాసం అని మొదటిదానిలోనే రాశావు. మెట్లెక్కితే పన్ను సలుపుతుంది, కూర్చుంటే తగ్గుతుంది అన్నావు. పన్ను బాగుందని డాక్టరు చెప్పాడన్నావు. భుజం అన్నావు. నా ఉత్తరంలో ఒక్క చెయ్యి బరువు కనబడగానే ఆసుపత్రికి తోలినదానివి, నీవి నువ్వే రాసి నువ్వే దాటేశావు. నేనూ దాటేశాను. నాన్న నా ఒక్కడికే నాన్న అన్నట్టుగా.

మీ వీధి చివర ఫోను ఉంది కదా, అక్కడికి చేసి దర్జీని పిలిపించాను. "అక్కా? మీ దగ్గరేగా ఉంది? బుధవారం నుంచి కొట్టు మూసే ఉందండీ. బాగా చూసుకోండి, మొన్న కాస్త నీరసంగా కనబడింది" అన్నాడు. నువ్వు ఇక్కడున్నావని వాళ్ళూ, అక్కడున్నావని నేనూ. పైకెళ్ళి తలుపు కొట్టండి, పలక్కపోతే పగలగొట్టండి అని అరిచాను. "ఇప్పుడే వెళ్తానండీ" అని పరిగెత్తాడు. మళ్ళీ ఫోన్ చేసి ఏమైందో కనుక్కోవడానికి ఆగితే ఈ బండి పోతుంది. ఎక్కేశాను. ఇప్పుడు ఆ తలుపు దగ్గర ఏం జరిగిందో మీ వీధిలో అందరికీ తెలుసు, నాకు తెలియదు. ఇంకా మధ్యలో రెండు పెద్ద స్టేషన్లున్నాయి. ఫోన్ కనబడితే దిగాలో కళ్ళు మూసుకోవాలో తెలియడం లేదు.

ఉత్తరాలు కాదక్కా. వాటిలోంచి ఏమీ రాలలేదు. దిండులో ఏమీ లేదు. అది నువ్వే.

నీ కోసం మాత్రలు తెచ్చాను, డాక్టరమ్మ ఇచ్చింది. ముందు ఆసుపత్రికే తీసుకెళ్ళమంది, దారిలో ఇవి నాలుక కింద పెట్టమంది. చొక్కా జేబులో పెట్టుకున్నాను, రోజూ బిళ్ళ తగిలించుకునే చోటే. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. నీ చేతికే ఇస్తాను.

నాలుగు నెలలుగా పిట్ట పలక్కూడదు, పలక్కూడదు అని దణ్ణాలు పెట్టుకున్నవాణ్ణి. ఇప్పుడు ఈ కిటికీ పక్కన కూర్చుని పలకాలనే మొక్కుకుంటున్నాను. తాళం తప్పితే తప్పనీ, రెండేసి పలకనీ, ఎలాగైనా పలుకుతూ ఉండనీ.

నేను వచ్చి మెట్లెక్కి తలుపు కొడతాను. దర్జీ తియ్యకూడదు. నువ్వే తియ్యాలి.

నీ చంటిగాడు